అమ్మమ్మ నిద్రపోయిన ఊరు

యానాం వెళ్తున్నా అని మా ఆఫీసు గ్రూపులో పెట్టగానే ముందు రెండు సీసా ఎమోజీలు వచ్చాయి. తర్వాత ఒకడు "నాకో ఫుల్ తే" అన్నాడు. "మా అమ్మమ్మతో వెళ్తున్నా" అని రాశాక అందరూ గప్‌చుప్.

వాళ్ళని అనడానికి లేదు. చాలామందికి యానాం అంటే మందు చవగ్గా దొరికే ఊరు. నాకూ మొన్నమొన్నటి వరకూ అంతే. కాకినాడ నుంచి అమలాపురం వైపు పెళ్ళిళ్ళకి వెళ్ళేటప్పుడు కారు అద్దంలోంచి కనిపించే పెట్రోలు బంకులు, వైన్ షాపులు, ఆ వెంటనే పెద్ద వంతెన, కింద గోదావరి. అక్కడ దిగాలని ఎప్పుడూ అనిపించలేదు.

అనిపించింది అమ్మమ్మకి.

దసరాకి కాకినాడలో మావయ్య వాళ్ళింటికి వెళ్ళినప్పుడు నా ఫోన్లో ఎవరివో గోవా ఫొటోలు చూస్తూ చూస్తూ, "నన్నోసారి యానాం తీసుకెళ్తావుటే?" అంది. ఆవిడకి ఎనభై ఎనిమిదేళ్ళు. చూపు బాగానే ఉంది, చెవులు అంతకంటే బాగున్నాయి, మోకాళ్ళు మాత్రం మాట వినవు.

"యానాంలో ఏముంది అమ్మమ్మా?"

"నా పెళ్ళి అక్కడే కదే అయింది. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. ముహూర్తం అర్ధరాత్రి దాటాక. నిద్రపోయాను, ఏమీ చూళ్ళేదు. ఓసారి చూసొద్దాం."

ఏదో సినిమా ఇంటర్వెల్ దగ్గర నిద్రపోయానన్నంత మామూలుగా చెప్పింది. మావయ్య ఇల్లున్న వీధి నుంచి యానాం ముప్ఫై కిలోమీటర్లు. దాని మీదుగా ఆవిడ ఎన్నిసార్లు వెళ్ళి ఉంటుందో లెక్కలేదు. కారు ఒక్కసారీ ఆపలేదు. ఆపమని ఆవిడా అడగలేదు.

ఆ పెళ్ళి సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, తెలియనిది నాకే. తొమ్మిదేళ్ళ పిల్లకి పెళ్ళి చెయ్యడానికి గోదావరి ఎందుకు దాటించారో గూగుల్లో కంటే అమ్మమ్మ బాగా చెప్పింది. బాల్యవివాహాలు కూడదని 1929లో శారదా చట్టం వచ్చింది. 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఆడపిల్లకి 14, మగపిల్లాడికి 18 నిండాలి. కానీ అది బ్రిటిష్ ఇండియా చట్టం. యానాం ఫ్రెంచి వాళ్ళది. నది దాటి ఆ గట్టు ఎక్కితే చాలు, చట్టం వెనకే ఉండిపోతుంది. ఇక చుట్టుపక్కల జిల్లాల నుంచి పెళ్ళివారు బళ్ళు కట్టుకుని, పడవలెక్కి దిగడమే. ఆ ఊరికి కల్యాణపురం అని పేరే పడిపోయింది. వినడానికి ఎంత బాగుందో చూడండి ఆ పేరు.

అమ్మమ్మ వాళ్ళది కోనసీమలో ముమ్మిడివరం దగ్గర ఒక పల్లెటూరు. స్వాతంత్ర్యానికి ఏడాది ముందు ఆవిడ పెళ్ళి. తాతయ్యకి పదహారు.

నా ప్లాన్, ఆవిడ ప్లాన్

నేను మొదట వేసిన ప్లాన్ ఇది. శనివారం పొద్దున్నే ద్రాక్షారామం, అక్కణ్ణుంచి కోటిపల్లి, మధ్యాహ్నం యానాం, సాయంత్రం కోరంగి మడ అడవులు, ఆదివారం అంతర్వేది, కుదిరితే దిండి. రీల్స్ చూసి చూసి తయారు చేసిన ప్లాన్ అని మీకు అర్థమయ్యే ఉంటుంది. అమ్మమ్మకి చదివి వినిపించా. "ఎక్కడం దిగడంతోనే నా మోకాళ్ళు అయిపోతాయి. ఊరు చూసేదెప్పుడే?" అంది.

అంతా చెరిపేసి మళ్ళీ రాశా. పొద్దున ఒక పని, సాయంత్రం ఒక పని, మధ్యాహ్నం నిద్ర. యానాం విస్తీర్ణం 30 చదరపు కిలోమీటర్లు. 2011 లెక్కల ప్రకారం జనాభా 55 వేల పైచిలుకు. అంత ఊరికి రెండు పొద్దులు, రెండు సాయంత్రాలు ధారాళంగా సరిపోతాయి. మోకాళ్ళు బాగున్నవాళ్ళకి కూడా ఇదే ప్లాన్ చెప్తాను. నిజానికి యానాంలో 'చూడాల్సినవి' గంటలో అయిపోతాయి, గంటలో చూసి వచ్చినవాళ్ళే అక్కడ ఏమీ లేదని రివ్యూలు పెడతారు.

హైదరాబాద్ నుంచి వెళ్ళడం తేలిక. శుక్రవారం రాత్రి గౌతమీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి కాకినాడ. యానాంకి రైలు లేదు. కాకినాడ కాంప్లెక్స్ నుంచి బస్సులు తిరుగుతూనే ఉంటాయి, గంట ప్రయాణం. రాజమండ్రి నుంచైతే రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా రావచ్చు, ఆ దారి బాగుంటుంది. మేం అమ్మమ్మ కోసం కారు మాట్లాడుకున్నాం. తాళ్ళరేవు దాటాక ఆవిడ అద్దం దించమంది. ఉప్పు వాసన మొదలైంది.

గది విషయంలో ఒక్క మాట. మేం ఫోన్లో బుక్ చేసుకున్న లాడ్జి వాళ్ళు 'కింది అంతస్తే అండి' అని రెండుసార్లు చెప్పి, తీరా వెళ్ళాక రెండో అంతస్తు తాళం చేతిలో పెట్టారు. లిఫ్టు లేదు. గంట సేపు వాదించాక మేనేజరు తన గది ఖాళీ చేసి ఇచ్చాడు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఫోన్లో విన్నది నమ్మకండి, వాట్సాప్‌లో రాయించుకోండి.

కొట్టు యానాం, ఇల్లు ఆంధ్రా

యానాంలోకి వచ్చామని ఎలా తెలుస్తుంది? మాట మారదు, యాస మారదు, 'ఆయ్' అనడం మారదు. కొబ్బరి చెట్లు అవే. పిన్‌కోడు కూడా కాకినాడ లాగే 533తోనే మొదలవుతుంది. స్కూటర్ల నంబరు ప్లేట్లు చూడాలి. పీవై 04. అంటే పుదుచ్చేరి. ఆ పుదుచ్చేరి ఇక్కణ్ణుంచి 800 కిలోమీటర్ల పైనే, మధ్యలో ఆంధ్ర తీరంలో పెద్ద ముక్క, తమిళనాడు కొంత. యానాం ఓటర్లు గెలిపించిన ఎమ్మెల్యే వెళ్ళి కూర్చునేది అక్కడి అసెంబ్లీలో, ఎన్నికైన 30 మందిలో ఒకడిగా. హైకోర్టు మెట్లెక్కాలంటే చెన్నై పోవాలి.

అటు కేరళలో మాహే, తమిళనాడులో కారైకాల్, ఇటు తెలుగు నేలలో యానాం. ఫ్రెంచి వాళ్ళు దుకాణం పెట్టిన చోట్లలో ఈ ముక్కల్ని పుదుచ్చేరితో కలిపి ఒక కేంద్రపాలిత ప్రాంతం చేశారు. మ్యాపు చూస్తే నవ్వొస్తుంది గానీ అక్కడ ఉండేవాళ్ళకి అది రోజువారీ సంగతి. నీలపల్లి వైపు నడుస్తూ ఉంటే ఒక చోట యానాం అయిపోయి ఆంధ్ర మొదలవుతుంది. ఎక్కడో నాకు తెలియలేదు. సోడా తాగుతూ కిళ్ళీ కొట్టాయన్ని అడిగా, "మీది ఏ రాష్ట్రం అండీ?" అని. "కొట్టు యానాం, ఇల్లు ఆంధ్రా అండి" అన్నాడు, రోజూ పదిమందికి చెప్పే జవాబులాగే.

కొత్తగా వెళ్ళేవాళ్ళకి నేను సూచించే తేదీ ఒకటుంది. నవంబరు 1. ఆ రోజు ఆంధ్రలో రాష్ట్ర అవతరణ దినోత్సవం. అదే రోజు యానాంలో విమోచన దినోత్సవం, 1954 నవంబరు 1న ఫ్రెంచి వాళ్ళు పాలన భారతదేశానికి అప్పగించారు కాబట్టి. ఒకే భాష మాట్లాడే రెండు పక్కపక్క ఊళ్ళు ఒకే తేదీన రెండు వేర్వేరు కారణాలకి జెండా ఎగరేస్తాయి. కాగితాల మీద అప్పగింత పూర్తయింది ఇంకా ఎనిమిదేళ్ళకి, 1962 ఆగస్టు 16న. అందుకని ఆగస్టు 15 అయిన మర్నాడు కూడా వాళ్ళకి పండగే.

ఫ్రెంచి వాళ్ళు ఇక్కడ కోఠీ తెరిచింది 1723లో. లాభం లేదని నాలుగేళ్ళకి మూసేసి, 1731లో మళ్ళీ వచ్చారు. వాళ్ళకి కావలసింది బట్ట, ఈ చుట్టుపక్కల నేతగాళ్ళ బట్ట. కాస్త అవతల ఇంజరంలో ఇంగ్లీషు కంపెనీ వాళ్ళూ దాని కోసమే కూర్చున్నారు. యూరప్‌లో వాళ్ళిద్దరూ కొట్టుకున్నప్పుడల్లా యానాం ఇంగ్లీషు వాళ్ళ చేతుల్లోకి పోవడం, సంధి కుదిరాక తిరిగి రావడం. 1814 పారిస్ ఒప్పందం తర్వాతే ఆ ఆట ఆగింది. అక్కడి నుంచి 140 ఏళ్ళు ఫ్రెంచి జెండా కదల్లేదు.

బట్ట పోయాక మనుషుల ఎగుమతి. 1820ల చివర్లో రీయూనియన్ దీవి చెరకు తోటలకి తెలుగు కూలీలు ఓడలెక్కింది యానాం నుంచే. ఇప్పుడు సెల్ఫీలు దిగే నదీతీరంలో నిలబడి ఈ విషయం అమ్మమ్మకి చెప్తే, "వాళ్ళ అమ్మలకి చెప్పే వెళ్ళారంటావా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

1846 నాటి సెయింట్ ఆన్స్ చర్చి దగ్గర కాసేపు కూర్చున్నాం. లోపల చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. పాత ఫ్రెంచి ఊరు ఎలా ఉండేదో ఊహించుకోవడానికి నాకు దొరికిన మంచి చోటు అదే. మిగతా ఊరంతా మన ఊళ్ళలాగే సిమెంటు, ఫ్లెక్సీలు. పాండిచ్చేరిలోలా పసుపు గోడలు, బోగన్‌విల్లా వీధులు ఊహించుకుని వెళ్తే నిరాశ పడతారు, ముందే చెప్తున్నా. ఈఫిల్ టవర్ తలపించే ఇనుప గోపురం ఒకటి ఉంది, సుమారు 100 మీటర్ల ఎత్తు. కింద నుంచే చూశాం. నాకు పెద్దగా నచ్చలేదు. అమ్మమ్మకి బాగా నచ్చింది, ఫొటో తీయించుకుని మావయ్యకి పంపమంది.

తిరుపతి వెంకట కవుల్లో ఒకరైన చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి చిన్నప్పుడు చదువుకున్నది ఈ ఊళ్ళోనే. అది చెప్తే అమ్మమ్మ, "మగపిల్లలు చదువుకోడానికొచ్చారన్నమాట" అని ఊరుకుంది. ఆవిడ చదువు మూడో తరగతి. పెళ్ళయ్యాక బడి మానిపించారు. వారపత్రికల సీరియళ్ళు మాత్రం ఇప్పటికీ ఒక్కటీ వదలదు.

ఎర్ర టోపీ

పెళ్ళి పందిరి ఎక్కడ వేశారో వెతకడం అమ్మమ్మ పెట్టిన పని. ఆవిడకి గుర్తున్నవి మూడే: గట్టు దిగితే నది, పక్కనే ఇంకో పందిరి, మధ్యలో ఒక బావి. ఇది పట్టుకుని మేం గుడికి వెళ్ళాం. ఇక్కడి వెంకటేశ్వరస్వామికి మీసాలుంటాయి, అందరూ మీసాల వెంకన్న అంటారు. దణ్ణం పెట్టుకుని అమ్మమ్మ తేల్చేసింది: "ఈయన్ని నేను చూడలేదు. దేవుడికి మీసాలుంటే తొమ్మిదేళ్ళ పిల్లకి గుర్తుండదూ?"

గుడి అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన్ని అడిగాం. పందిళ్ళు ఈ వీధంతా వేసేవారట, తర్వాత అవతలి వీధిలోనూ వేసేవారట. వాళ్ళ నాన్న చెప్పగా విన్నాడట. రోజుకి ఇన్ని పెళ్ళిళ్ళు అయ్యేవని, బాజాలు కలిసిపోయి ఎవరిది ఎవరికి మోగుతుందో తెలిసేది కాదని చెప్తూ నవ్వాడు. బావి సంగతి అడిగితే, "ఏ బావండీ, అన్నీ పూడ్చేశారు" అన్నాడు.

అమ్మమ్మ అలిసిపోయింది. ఆటో కోసం రోడ్డు మీదికి వచ్చాం. అక్కడ సెంటర్లో ట్రాఫిక్ కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు. పుదుచ్చేరి పోలీసు కాబట్టి నెత్తిన ఎర్ర టోపీ, ఫ్రెంచి వాళ్ళ కాలం నాటి పద్ధతిలో నిలువుగా, ముందు చిన్న అంచుతో. నా చెయ్యి పట్టుకున్న అమ్మమ్మ వేళ్ళు బిగుసుకున్నాయి.

"వీళ్ళింకా ఉన్నారా!"

రోడ్డు పక్కన టీ కొట్టు బల్ల మీద కూర్చోబెట్టాను. అప్పుడు చెప్పింది. మా అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదట.

కాలవలో గూటి పడవలో వచ్చారట ఎదుర్లంక దాకా. దారి పొడుగునా వాళ్ళ నాన్న ఒకటే పాఠం. ఎవరైనా అడిగితే బంధువుల పెళ్ళికి వెళ్తున్నామని చెప్పాలి, పెళ్ళికూతురు ఎవరంటే తల దించుకోవాలి. రేవులో పెద్ద పడవ ఎక్కి గోదావరి దాటుతుంటే అవతలి గట్టు మీద ఎర్ర టోపీ కనిపించింది. వాళ్ళ నాన్న అమ్మయ్య అనుకుని, "అదుగో ఎర్ర టోపీ. ఇంక మనకేం భయం లేదు" అన్నాడు.

"ఆయనకి భయం లేదు. నాకు తెలిసింది ఏంటంటే, ఇక్కడ ఆయనే పెద్ద పోలీసు అని. మా నాన్న కూడా ఆయన మాట వింటాడని. ఆయన దగ్గరికెళ్ళి, నన్ను ఇంటికి పంపించెయ్యమని అడుగుదామనుకున్నానే. పడవ దిగినప్పుడు పక్కనే ఉన్నాడు, ఇంత దూరం." టీ గ్లాసుకీ తనకీ మధ్య ఉన్న దూరం చూపించింది. "తెల్లవాళ్ళ పోలీసు కదా, తెలుగు రాదేమో అనుకున్నాను. ఏ భాషలో అడగాలో తెలీక ఊరుకున్నా."

నేనేమీ అనలేదు. టీ కొట్టాయన ఎందుకో స్టవ్ తగ్గించాడు.

కాసేపటికి ఆ కానిస్టేబులే ఇటు వచ్చాడు. పెద్దావిడ రోడ్డు పక్కన కూర్చుని ఉందని చూసినట్టున్నాడు. పాతికేళ్ళుంటాయేమో. "ఏం మామ్మగారూ, ఒంట్లో బాలేదా అండి? ఎక్కడికెళ్ళాలండి? ఆటో పిలవమంటారా, ఆయ్?" అన్నాడు, అచ్చమైన గోదావరి యాసలో.

అమ్మమ్మ అతని మొహం వైపు చూసింది, టోపీ వైపు చూసింది. "ఏ ఊరు నాయనా మీది?"

"మెట్టకూరండి. ఇక్కడేనండి."

"అప్పట్లో కూడా ఇక్కడివాళ్ళేనా, ఈ టోపీలు పెట్టుకున్నవాళ్ళు?"

అతనికి ప్రశ్న అర్థం కాలేదు. "మా తాతగారి కాలంలో కూడా ఊళ్ళోవాళ్ళే చేసేవారటండి" అని చెప్పి ఆటో పిలిచాడు. ఎక్కిస్తూ మోచెయ్యి పట్టుకున్నాడు.

ఆటోలో అమ్మమ్మ ఒక్క మాటే అంది. "తెలుగేనటే." తర్వాత లాడ్జికి వెళ్ళి మూడు గంటలు నిద్రపోయింది. నాకు నిద్ర పట్టలేదు.

నది ఒడ్డు, సాయంత్రం

యానాంలో అన్నిటికంటే మంచిది గోదావరి ఒడ్డున సాయంత్రం. దీనికి టిక్కెట్టు లేదు, గైడు అక్కర్లేదు. ఇక్కడ గౌతమీ పాయ చాలా వెడల్పు, అవతలి గట్టు సన్నటి ఆకుపచ్చ గీతలా కనిపిస్తుంది. సముద్రం దగ్గరే కాబట్టి ఆటుపోట్లు ఉంటాయి, నీళ్ళు ఒక పూట ఇటు, ఒక పూట అటు. ఒడ్డు పొడుగునా బెంచీలు, భరతమాత విగ్రహం, ఏనుగులతో పెద్ద శివలింగం, మొక్కజొన్న కంకులు, పిల్లల కేకలు. కుడివైపు బాలయోగి వారధి మీద లారీల దీపాలు. పూర్వం పడవలు దాటించిన చోటే ఇప్పుడా వంతెన. అమ్మమ్మ కంకి గింజలు ఒలిపించుకుని ఒక్కొక్కటే తింటూ చీకటి పడే దాకా కూర్చుంది.

అక్కడే పక్క పందిట్లో పెళ్ళికూతురి గురించి చెప్పింది. తుని వైపు పిల్లట. ముహూర్తాలకి టైముందని ఇద్దర్నీ ఒక చాప మీద కూర్చోబెడితే గవ్వలాడుకున్నారట. ఆ పిల్ల తన లక్కపిడతల్లోంచి ఒకటి ఇచ్చింది. ఎర్రటిది, మూత ఉన్నది. పేరు అడగలేదు. యాభై మూడు వరదలో ఇంట్లోకి నీళ్ళొచ్చినప్పుడు ఆ పిడత కొట్టుకుపోయింది. "నాకంటే చిన్నది. ఏడుంటాయేమో" అంది. అని, ఇంకో కంకి కొనమంది.

శనివారం రాత్రి ఊరు కాస్త సందడి. సీసాల కోసం చుట్టుపక్కల నుంచి వచ్చేవాళ్ళు వస్తారు. ఆడపిల్లలిద్దరం, ఒకరికి ఎనభై ఎనిమిది, మాకేమీ ఇబ్బంది అనిపించలేదు, కానీ మెయిన్ రోడ్డు కంటే నది వైపు ప్రశాంతంగా ఉంటుంది. సీసాలు వెనక్కి తెచ్చుకుందామనుకునేవాళ్ళకి ఒక మాట: గీత దాటగానే ఆంధ్ర చట్టం, చెక్‌పోస్టుల్లో తనిఖీ ఉంటుంది. ఒకప్పుడు పెళ్ళికూతుళ్ళని దాచి ఇటు తెచ్చారు, ఇప్పుడు సీసాలు దాచి అటు తీసుకెళ్తున్నారు. ఈ ముక్క నాది కాదు, అమ్మమ్మది.

చేపల బజారు

ఆదివారం పొద్దున చేపల బజారు తప్పకుండా చూడండి. మేం వెళ్ళింది డిసెంబరులో, పులస కాలం కాదు. పండుగప్పలు, రొయ్యలు, పీతలు ఉన్నాయి. పులస కావాలంటే గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చే జూలై, ఆగస్టు, సెప్టెంబరులో రావాలి. సముద్రంలో ఉన్నంతసేపు అది విలస. గుడ్లు పెట్టడానికి వరదకి ఎదురీది గోదావరిలోకి వచ్చి, ఉప్పు విడిచి, రుచి మారితే పులస. యానాం దగ్గర వలలో పడిన పులసని వేలం వేస్తే పెద్ద చేప వేలల్లో పలుకుతుంది. వరద మరీ ఎక్కువైతే మాత్రం ప్రయాణం పెట్టుకోకండి, 2022 జూలైలో ఈ వీధుల్లోకే నీళ్ళొచ్చాయి.

చేపలమ్మే ఆవిడ, "పుస్తెలమ్మైనా పులస తినాలంటారు మామ్మగారూ, వానల్లో రండి" అంది.

"పుస్తె కట్టింది ఈ ఊళ్ళోనేలే. ఆయన పోయి పదహారేళ్ళయింది, అమ్మడానికి ఇప్పుడది లేదు" అని అమ్మమ్మ నా వైపు చెయ్యి చూపించింది. "దీని జీతంతో తినిపిస్తుంది."

తిరుగు దారిలో కోరంగి దగ్గర ఆగాం. 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, మడ చెట్ల మధ్య చెక్క వంతెన మీద నడవచ్చు. అమ్మమ్మ మొదట్లోనే బెంచీ మీద కూర్చుంది, నేను ఒక్కదాన్నే లోపలికి వెళ్ళొచ్చా. బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్ళు, వాటి మధ్య ఎర్ర పీతలు, ఎక్కడో చప్పుడు చేసి కనపడకుండా పోయిన ఏదో జంతువు. నీటికుక్కలు, బావురుపిల్లులు ఉంటాయట, నాకు కనిపించింది కొంగలే. కోరంగి ఒకప్పుడు పెద్ద ఓడరేవు. 1789లో ఒకసారి, 1839లో ఒకసారి తుఫాను ఊరిని తుడిచేసింది. ఇక్కడి తుఫానుల గురించి రాసిన హెన్రీ పిడింగ్టనే 'సైక్లోన్' అనే మాట పుట్టించాడు. ఈ రేవు నుంచి బర్మా పోయిన తెలుగువాళ్ళని అక్కడ 'కోరంగీలు' అనేవారు. ఊరు పోయినా పేరు అలా రంగూన్ దాకా వెళ్ళింది.

మధ్యాహ్నానికి కాకినాడ చేరాం. మావయ్య కారు తలుపు తీస్తూ "ఏం చూశావమ్మా?" అని అడిగాడు. అమ్మమ్మ చేపల బజారు గురించి, మొక్కజొన్న కంకి ధర గురించి, ఇనుప గోపురం గురించి చెప్పింది. పందిరి దొరికిందా అంటే దొరకలేదంది. కానిస్టేబుల్ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇది రాసే ముందు ఫోన్ చేసి అడిగా, రాయనా అని. "రాయి. పేరు రాయకు" అంది. తర్వాత, ఆగస్టులో సెలవు పెట్టావా లేదా అని అడిగింది.

పెట్టాను. ఈసారి కింది అంతస్తు గది వాట్సాప్‌లో రాయించుకుని మరీ బుక్ చేశా.